టర్కీ పుంజును పిలవబోయి

అడవికి తుపాకీతో వెళ్ళేవాళ్ళు ఉంటారు, కెమెరాతో వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఒక చిన్న చెక్క పెట్టె చేతబట్టుకుని, ఎక్కడో కొండమీద ఉన్న పుంజును మర్యాదగా పిలిచి వద్దామని భార్యాసమేతంగా వెళ్ళిన తెలుగువాడు మాత్రం బహుశా నేనొక్కణ్ణే. మిషిగన్ ఉత్తరాన, మే నెల మొదట్లో, మంచు కరిగి నేల ఇంకా చెమ్మగా ఉన్న రోజుల్లో వెళ్ళాం. వచ్చి నెల దాటింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే తెల్లవారుజాము పొగమంచు కనిపిస్తుంది, అందులో ఎవరో నా పిలుపుకు బదులు పలుకుతారు.

నోవై

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. మా ఊరు నోవైలో తెలుగువాళ్ళ ఏ పండగకైనా మైకు నా చేతికే వచ్చేది. పద్యం కావాలంటే పద్యం, వెటకారం కావాలంటే వెటకారం. "మూర్తిగారు మైకు ఇవ్వరు, మనమే లాక్కోవాలి" అని మావాళ్ళు ఏడిపించేవారు. కిందటేడాది మొదట్లో థైరాయిడ్ కణితికి ఆపరేషన్ అయింది. కణితి నరాన్ని పట్టుకుని ఉందట. ఎవరి తప్పూ కాదు. కణితి పోయింది, దాంతోపాటు గొంతులో ఒక తీగ పనిచేయడం మానేసింది. ఇప్పుడు నాకు మిగిలింది గుసగుస ఒక్కటే.

మొదట్లో మాట్లాడేవాణ్ణి. పార్టీలో అందరూ చెవులు నా నోటి దగ్గర పెట్టేవారు. కాసేపటికి నేనేం చెప్పినా నవ్వుతూ తలాడించడం మొదలుపెట్టారు. "బాత్రూం ఎటు?" అని అడిగితే కూడా "సూపర్ అండీ" అన్నాడొకడు. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాను. ఇంట్లో కూడా. వసుంధరకు ఏదైనా చెప్పాలంటే పక్కగదిలోంచి ఫోన్‌లో మెసేజ్ పెట్టేవాణ్ణి. పాపం, కొన్నాళ్ళు బతిమాలింది, కొన్నాళ్ళు కోప్పడింది, తర్వాత ఆమే టీవీ శబ్దం పెంచుకుంది.

మా పక్కింటి డేల్ కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కి రిటైరైన మనిషి. శీతాకాలమంతా గరాజ్‌లో కూర్చుని టర్కీ పిలుపులు చేస్తుంటాడు. పిలుపులంటే టర్కీ పెట్ట గొంతును అనుకరించే చిన్న చిన్న వాయిద్యాలు. వసంతంలో పుంజులు జోడు కోసం తిరుగుతాయి కదా, పెట్టలాగా పిలిస్తే వెతుక్కుంటూ వస్తాయి. మార్చిలో ఒకరోజు కంచె మీదుగా నన్ను చూసి అన్నాడు.

"మార్టీ, మాతో అడవికి వచ్చేవాళ్ళలో పెద్ద తలనొప్పి ఎవరో తెలుసా? నోరు మూసుకోలేనివాడు. అక్కడ అందరూ గుసగుసగానే మాట్లాడాలి. నువ్వు నాకు దేవుడిచ్చిన మనిషివి. రా, తుపాకీ నాది, పర్మిట్ నాది. నువ్వు పిలువు చాలు."

అతని నోట మూర్తి మార్టీ అయి చాలా ఏళ్ళయింది. నేను తల అడ్డంగా ఊపబోతున్నాను. వెనక నుంచి వసుంధర అంది: "వెళ్ళండి. కానీ నేనూ వస్తా. ఇక్కడ ఒక్కదాన్నే ఉండి ఎవరితో మాట్లాడను?"

అనేసి, తను అన్నమాట తనకే వినపడినట్టు గబగబా లోపలికి వెళ్ళిపోయింది. నేను డేల్ వైపు తిరిగి సరేనని తలూపాను.

బయల్దేరేముందు డేల్ ఒక హెచ్చరిక చేశాడు. పుంజు తల ఎర్రగా, తెల్లగా, నీలంగా ఉంటుంది కాబట్టి ఆ మూడు రంగులూ అడవిలో ఒంటిమీద ఉండకూడదు, వేరే వేటగాడు పొరబడతాడు. చెబుతూ చెబుతూ వసుంధర నుదుటి వైపు ఇబ్బందిగా చూశాడు. ఎర్ర బొట్టు! ఆమె పెళ్ళయిన నాటి నుంచీ ఎర్ర బొట్టు మార్చలేదు. పెట్టెంతా గాలించి, ఎప్పుడో ఎవరో పేరంటంలో ఇచ్చిన ఆకుపచ్చ బొట్టుబిళ్ళల అట్ట పట్టుకొచ్చింది. డేల్ గంభీరంగా చూసి, "ఆకులాగే ఉంది. పర్‌ఫెక్ట్" అన్నాడు.

పిన్‌కానింగ్ మీదుగా రోజ్ సిటీ

డేల్ ట్రక్కు ముందు, మా కారు వెనక. దారిలో పిన్‌కానింగ్ అనే ఊరు వస్తుంది. చీజ్‌కు పేరట. ఏళ్ళ తరబడి నిలవపెట్టిన ముక్కను కొట్టులో ఒకామె కత్తి కొసన పెట్టి ఇచ్చింది. నాలుక మీద పెట్టగానే పుల్లగా, ఘాటుగా తగిలింది. వసుంధర కళ్ళు మూసుకుని "పాత మాగాయ ఊట" అంది. నిజమే. ప్రపంచంలో ఎక్కడివాళ్ళయినా ఓపిక పట్టి నిలవ పెట్టిన వస్తువుకు ఒక చుట్టరికం ఉంటుంది.

రోజ్ సిటీ దాటాక వేట సామాన్ల దుకాణంలో ఆగాం. ఒక గోడ నిండా పిలుపులే. మన ఊళ్ళో తిరునాళ్ళలో బూరలు, గిలకలు వేలాడదీసినట్టు ఉంది. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ నా గుసగుస విని, ఆశ్చర్యపోకుండా, తను కూడా గొంతు తగ్గించింది. "ఒక్కొక్కటీ పట్టి చూడు. చెప్పులు కొన్నట్టే. నీకు సరిపోయేది నీకే తెలుస్తుంది" అంది.

మొదటిది నోట్లో పెట్టుకునేది. గుర్రపు నాడా ఆకారంలో చిన్న ముక్క, మధ్యలో పలచటి రబ్బరు పొర. అంగిలికి అంటించి ఊదాలి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి వేటగాళ్ళకు ఇదే ఇష్టమట. నేను పెట్టుకోగానే వాంతి వచ్చినంత పనయింది. దానికితోడు నా ఊపిరి సగం గొంతులోనే జారిపోతుంది, రబ్బరు దాకా చేరదు. రెండోది టర్కీ రెక్క ఎముకలతోనే చేసిన సన్నటి గొట్టం. దాన్ని ఊదకూడదు, ముద్దు పెట్టినట్టు పీల్చాలి. నేను పెదాలు సున్నా చుట్టగానే వసుంధర గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

మూడోది పెట్టె. జానెడు పొడవు, సన్నటి చెక్క డబ్బా, ఒకవైపు మేకుతో బిగించిన మూత. మూతకు సుద్ద రాసి డబ్బా అంచు మీద రుద్దితే పెట్ట పలుకుతుంది. ఊపిరితో పనిలేదు. మెల్లగా కదిపాను. "క్యోక్! క్యోక్! క్యోక్!" దుకాణం చివర చెప్పులు చూసుకుంటున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. నా చేతిలోంచి గట్టి శబ్దం ఒకటి వచ్చి జనం తిరిగి చూసి ఎన్నాళ్ళయిందో! సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాలుగోది పలక. గుండ్రటి చెక్క గిన్నె మీద బిగించిన రాతి బిళ్ళ, దాని మీద పుల్లతో చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. పుంజు దగ్గరికి వచ్చాక మెత్తగా గురగురలాడటానికి ఇదే సరైనదట. నేను గీస్తే గోరుతో గోడ గీకినట్టు వచ్చింది. వసుంధర పుల్ల తీసుకుని ముగ్గు పిండి పట్టినట్టు రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని చుట్టింది. గుర్‌ర్‌ర్ మని ఎంత మెత్తగా వచ్చిందంటే పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. "నువ్వు ఇంతకు ముందు చేశావా?" అని అడిగింది. "రోజూ పొద్దున్నే" అంది వసుంధర. పెట్టె నాది, పలక ఆమెది. రెండింటి ధరా కలిపితే ఇండియాలో మేలుజాతి కోడి పుంజే వచ్చేది. డాలర్లను రూపాయల్లోకి మార్చుకునే జబ్బు ముప్ఫయ్యేళ్ళయినా పోలేదు.

కొండ కింద, మొదటి ఉదయం

డేల్ అక్క వాళ్ళ ఖాళీ కుటీరంలో బస. ఆసేబుల్ నది దగ్గరే, రాత్రంతా నీటి చప్పుడు. చీకటి పలచబడకముందే డేల్, నేనూ బయల్దేరాం. వసుంధర దుప్పట్లోంచి చెయ్యి ఊపింది.

ఆ వేళ అడవి ఎలా ఉంటుందో చెప్పాలంటే కష్టమే. చెట్లు ఉన్నాయని తెలుస్తుంది కానీ కనిపించవు. పొగమంచు నేల మీద పాలు ఒలికినట్టు పరుచుకుని, మనం నడుస్తుంటే మోకాళ్ళ దగ్గర విడిపోయి, వెనక మళ్ళీ కలుస్తుంది. అడుగు వేస్తున్నది నేనో, నిద్రలో ఉన్న ఇంకెవరో తెలియలేదు. డేల్ ఆగి, రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టి గుడ్లగూబలా కూశాడు. గుడ్లగూబ గొంతు వింటే చెట్టు మీద పడుకున్న పుంజు ఉలిక్కిపడి అరుస్తుందట, అప్పుడు అది ఎక్కడుందో తెలుస్తుంది.

అరిచింది. కొండ మీద ఎక్కడో, బిందెలో గులకరాళ్ళు పోసి గిరగిరా తిప్పినట్టు, గొబ్లగొబ్లగొబ్ల!

చెట్టుకు ఆనుకుని కూర్చున్నాం. డేల్ నాకు సైగ చేశాడు. పెట్టె మూత మెల్లగా రుద్దాను. క్యోక్, క్యోక్. ఆ శబ్దం ఆగీ ఆగకముందే పైనుంచి జవాబు వచ్చింది. నాకే. ఈ అడవిలో నన్నే విని, నాకే బదులిచ్చింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ జవాబు. ఇంక ఆగుతానా? పోయిన గొంతు వడ్డీతో సహా తిరిగొచ్చినట్టు, రండి రండి, దయచేయండి, ఇటు ఇటు అని పెట్టెను వాయించేశాను. డేల్ నా మోచేతిని పట్టుకున్నాడు. నేను ఆపలేదు.

పుంజు నేల మీదకు దిగింది. అరుస్తూనే ఉంది. కానీ ఒక్క అడుగు ముందుకు రాలేదు. చెట్ల సందున నల్లటి మేఘంలా కనిపిస్తూ, తోక విసనకర్రలా విప్పుకుని, అక్కడక్కడే పచార్లు చేసింది. చివరికి అసలు పెట్టలు రెండు అటు నుంచి వస్తే వాటితో వెళ్ళిపోయింది.

డేల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మార్టీ, వాళ్ళ ఆచారం వేరు. పుంజు ఉన్నచోట నిలబడి అరుస్తుంది, పెట్ట నడిచి దాని దగ్గరికి వెళ్తుంది. మనం దాన్ని తలకిందులుగా రమ్మంటున్నాం. నువ్వు అంతలా పిలుస్తుంటే, పెట్ట ఎలాగూ వస్తోంది కదా అని అది కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఒక్కసారి పిలిచి ఊరుకో. పెట్ట వెళ్ళిపోయిందేమో అని దానికి దిగులు పుట్టాలి. అప్పుడు వస్తుంది."

"మా ఇళ్ళల్లో ఒక్కసారి పిలిస్తే అది పిలుపే కాదు" అన్నాను గుసగుసగా. ఆశ్చర్యం, అతనికి ప్రతి మాటా వినపడింది. "మొదటిసారి పిలిస్తే వద్దంటాం. రెండోసారికి చూద్దాం అంటాం. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితేనే లేస్తాం. భోజనమైనా అంతే, వేదిక అయినా అంతే."

డేల్ ముఖం పాలిపోయింది. "మరి నేను మీ ఇంటికి మొదటిసారి పిలవగానే వచ్చేశానే!"

కుటీరానికి వెళ్ళి ఈ సంగతి చెబితే వసుంధర పడీ పడీ నవ్వింది. "అందుకేనా ఆ రోజు కూర ఇంకా పొయ్యి మీదే ఉంది?"

చెప్పింది డేలే, నేను కాదు. నేను పెట్టె మూతకు సుద్ద రాసుకుంటూ కూర్చున్నాను.

వాన రోజు

మర్నాడు వాన. పక్కనున్న చిన్న ఊళ్ళో హోటల్‌కి వెళ్ళాం. బయట ఎర్రకాడల 'పై', అంటే పిండిలో పెట్టి కాల్చిన తీపి వంటకం, ఉందని రాసి ఉంది. ఆ కాడను రూబార్బ్ అంటారు, చూడటానికి తోటకూర కాడలా ఉంటుంది, నోట్లో పెడితే అచ్చం గోంగూర పులుపు. ఇంత మంచి పులుపును పట్టుకెళ్ళి పంచదారలో ముంచుతారు! వసుంధరకు మనసాగక, వడ్డించే అమ్మాయిని అడిగి ఒక కట్ట పచ్చి కాడలు తీసుకుంది. అమ్మాయి డబ్బు వద్దంది, పెరట్లో కలుపులా పెరుగుతాయట. సాయంత్రం కుటీరంలో ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పచ్చడి నూరలేక గరిటెతోనే మెదిపింది. డేల్ బ్రెడ్ మీద రాసుకుని తిని, చెవులు ఎర్రబడి, మళ్ళీ అడిగాడు.

వాన చూరు మీద పడుతుంటే డేల్ చెబుతూ పోయాడు. గాలి ఉన్న రోజు పెట్టె, నిశ్శబ్దంగా ఉన్న రోజు పలక. తడిస్తే సుద్ద పట్టదు, పెట్టెను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. "అన్నిటికంటే మంచి పిలుపు దుకాణంలో దొరకదు" అన్నాడు. "ఊరుకోవడం. నువ్వు ఊరుకుంటే అదే వెతుక్కుంటూ వస్తుంది."

వసుంధర గరిటె ఆపి నా వైపు చూసింది. నేను చూడనట్టు కిటికీలోంచి వాన చూశాను.

చివరి ఉదయం

ఆ రోజు వసుంధర కూడా వచ్చింది. ఒంటి మీద డేల్ అక్క పాత వేట కోటు, నుదుట ఆకుపచ్చ బొట్టు. వాన వెలిసిన అడవి ఆవిర్లు కక్కుతోంది. నేలంతా మూడు రేకుల తెల్లటి పూలు, చీకట్లో కూడా వాటి తెలుపు తెలుస్తోంది. ట్రిల్లియం అంటారట. కోయడం తప్పని డేల్ చెప్పాడు. మమ్మల్ని ఒక పెద్ద మేపుల్ చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, తను కొంచెం దూరంలో, పడిపోయిన దుంగ వెనక తుపాకీతో కూర్చున్నాడు. "ఒక్కసారే" అని వేలు చూపించాడు.

గుడ్లగూబ కూత. కొండ మీద జవాబు. నేను పెట్టె మూత ఒక్కసారి రుద్దాను. వసుంధర పలక మీద రెండు సున్నాలు చుట్టింది. పుంజు బదులిచ్చింది. మేం ఊరుకున్నాం. మళ్ళీ అరిచింది. ఊరుకున్నాం. మళ్ళీ పిలవాలని నా చేతులు దురదపెడుతున్నాయి. తర్వాత అటు నుంచీ ఏ చప్పుడూ లేదు.

పొగమంచు బంగారు రంగుకు తిరిగింది. ఆకుల మీంచి నీటి చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి జారుతున్నాయి. నేను సగం కలలో ఉన్నాను.

"ఏమండీ, వస్తాడంటారా?" చెవి పక్కన వసుంధర గుసగుస.

"వస్తాడు" అన్నాను.

ఆమె మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. "మీ మాట ఎంత బాగా వినిపిస్తోందో!"

నిజమే. అక్కడ ఆమె గొంతూ నా గొంతూ ఒక్కటే. అడవిలో అందరిదీ నా గొంతే.

"డేల్ చెప్పాడు కదా, ఊరుకుంటే వెతుక్కుంటూ వస్తుందని" అంది. "ఏడాది పైనుంచి ఊరుకున్నారు మీరు. నేను వస్తూనే ఉన్నాను. ఇంకా ఎంత దగ్గరికి రమ్మంటారు?"

చివరికి ఉన్నదే చెప్పాను. "సిగ్గు వసూ. చిల్లు పడ్డ సైకిల్ ట్యూబులా ఉంటుంది నా గొంతు. ఆ గొంతుతో నీ ముందు..."

"నేనేమైనా స్టేజీ ముందు కుర్చీలేసుకుని కూర్చున్న జనమా? పక్కనే కదండీ పడుకుంటాను."

ఇంక అక్కడి నుంచి ఏం మాట్లాడుకున్నామో వరసగా గుర్తులేదు. మైకు ఇంకొకడి చేతిలో చూస్తే నాకు కడుపులో మండుతుందని చెప్పాను. "నాకు తెలుసు, అందుకే ఉగాది పండక్కి ఒంట్లో బాగాలేదని చెప్పి నేనే మానేశాను" అంది. చలికాలం నుంచీ ఆమెకు కుడి మోకాలు నొప్పిగా ఉందని, బేస్‌మెంట్ మెట్లు దిగడం మానేసిందని అప్పుడే తెలిసింది. ఫోన్‌లో మెసేజ్ పెట్టి చెప్పేంత నొప్పి కాదట. మాటల్లో పడి పుంజు సంగతే మరిచిపోయాం.

గొబ్లగొబ్లగొబ్ల!

సరిగ్గా మా వీపుల వెనక, చెట్టు పక్కనుంచి. వసుంధర "అమ్మో" అని నా మీద పడింది. తిరిగి చూస్తే పట్టుకునేంత దగ్గరలో ఉంది, కంచు రంగు ఈకలు ఎండలో మెరుస్తూ, ఎర్రనీలం తల పక్కకు వంచి. చప్పుడు చేయకుండా వెనక నుంచి నడిచి వచ్చేసింది. ఒక్క క్షణం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. మరుక్షణం రెక్కలు దబదబలాడిస్తూ చెట్ల మీదుగా వెళ్ళిపోయింది.

డేల్ దుంగ వెనక నుంచి లేచాడు. తుపాకీ ఎప్పుడో దించేశాడు. మేం అడ్డంగా ఉన్నాం, పేల్చడానికి లేదు. "చాలాసేపటి నుంచి మీ వెనకే ఉంది" అన్నాడు, ఏడవాలో నవ్వాలో తెలియని ముఖంతో. "మెడ చాచి నిలబడి వింటోంది. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదు. అంతసేపు ఏం మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

"మోకాలి నొప్పి గురించి" అంది వసుంధర.

అతనికి ఈ ఏడాదికి ఆ పుంజు దక్కలేదు. నాకు బాధేసింది, క్షమించమన్నాను. "సరేలే" అన్నాడు, కానీ ట్రక్కు దాకా మాకంటే పది అడుగులు ముందే నడిచాడు. విడిపోయేటప్పుడు మాత్రం మిగిలిన పచ్చడి సీసా అడిగి తీసుకున్నాడు.

తిరుగుదారి

డేల్ ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. మేమిద్దరమే బయల్దేరాం. డ్రైవ్ నేను చేస్తానని వసుంధర తాళాలు తీసుకుంది. ఫ్రీవే ఎక్కగానే నాకు చిన్నప్పుడు మా తెనాలిలో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి చెప్పడం మొదలుపెట్టాను. టైర్ల హోరు, గాలి హోరు, పక్కనుంచి లారీలు. "ఏంటీ?" అంది. మళ్ళీ చెప్పాను. "ఏంటండీ?" అని చెవి ఇటు వంచింది. నా పాత సిగ్గు మళ్ళీ తిరిగొచ్చింది. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి కిటికీ వైపు తిరిగాను.

వసుంధర ఇండికేటర్ వేసి తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోయింది. పొలాల మధ్య నుంచి పోయే పాత రోడ్డు ఎక్కింది. అద్దాలు పైకెత్తింది, ఏసీ ఫ్యాన్ ఆపింది. కారు ఎంత నెమ్మదిగా పోనిచ్చిందంటే వెనక వస్తున్న పికప్ వాడు హారన్ కొట్టి కొట్టి, విసుక్కుంటూ దాటిపోయాడు.

"ఇలా అయితే ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది" అన్నాను.

"అవనీయండి" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఊఁ, తెనాలిలో ఏమైందీ?"